మాష్: మూడేళ్ళ యుద్ధం, పదకొండేళ్ళ కామెడీ. ఈ క్యాలెండర్ ఎవరైనా సరిచేయగలరా?

ఎడిసన్ అల్లుడు · శనివారం, రాత్రి 10:12

మా మావగారు న్యూజెర్సీ వచ్చి నాలుగు నెలలైంది. ముప్ఫై నాలుగేళ్ళు లెక్కలు చెప్పి రిటైరైన మాస్టారు. బయట చలి, ఎక్కడికీ వెళ్ళే పని లేదు. మనవరాలు పడుకున్నాక ఇద్దరికీ పొద్దుపోవడానికి మాష్ పెట్టాను. తెలియనివాళ్ళకి రెండు ముక్కలు: కొరియా యుద్ధంలో అమెరికా సైన్యం వాళ్ళ గుడారాల ఆసుపత్రి, 4077వ యూనిట్, అందులో డాక్టర్ల అల్లరి. అమెరికా టీవీ చానెల్ సీబీఎస్‌లో 1972 సెప్టెంబర్ నుంచి 1983 ఫిబ్రవరి దాకా వచ్చింది.

రెండో వారానికే మావగారు లాంగ్ నోట్‌బుక్ తెప్పించుకున్నారు. పేజీ మధ్యలో స్కేలుతో గీత. ఎడమపక్క యుద్ధం తేదీలు, కుడిపక్క ఎపిసోడ్లు. పాపం మొదట్లో బాగానే నడిచింది. మొట్టమొదటి ఎపిసోడ్‌లోనే తెరమీద "కొరియా, 1950" అని వేస్తారు కదా, అక్కణ్ణుంచి మొదలెట్టారు.

యుద్ధం మొదలైంది 1950 జూన్ 25న. ఆగింది 1953 జూలై 27న. మూడేళ్ళ ఒక నెల. మొదటి మూడు సీజన్లలో ఆసుపత్రికి కమాండర్ హెన్రీ బ్లేక్. నాలుగో సీజన్లో ఆయన స్థానంలోకి కల్నల్ పాటర్ వస్తాడు. ఆ ఎపిసోడ్‌లో తేదీ చెప్పేస్తారు: 1952 సెప్టెంబర్ 19. మావగారు నా చేత వెనక్కి తిప్పించి మూడుసార్లు విన్నారు. విని, "అల్లుడూ, ఇంక యుద్ధం పది నెలల ఎనిమిది రోజులే ఉందోయ్. మరి నీ దగ్గర సీజన్లెన్ని ఉన్నాయి?" అన్నారు.

ఎనిమిది ఉన్నాయండి.

దాన్నీ ఆయన సర్దుకున్నారు. కానీ మొన్న తొమ్మిదో సీజన్లో ఒక ఎపిసోడ్ వచ్చింది, పేరు ఎ వార్ ఫర్ ఆల్ సీజన్స్. 1950 డిసెంబర్ 31 రాత్రి మొదలై 1951 డిసెంబర్ 31 రాత్రికి అయిపోతుంది. ఏడాదంతా ఒక్క ఎపిసోడ్‌లో. కొత్త సంవత్సరానికి గ్లాసెత్తి, వచ్చే ఏడాదైనా అందరం ఇళ్ళకి చేరాలని కోరుకునేది ఎవరు? కల్నల్ పాటర్! 1952 సెప్టెంబర్‌లో రావాల్సిన మనిషి. ఆ లెక్కన 1951 సంవత్సరం మొత్తం ఆ ఒక్క కుర్చీలో బ్లేక్ గారూ పాటర్ గారూ ఇద్దరూ కూర్చున్నారన్నమాట.

మావగారు నోట్‌బుక్ మూసేసి పడుకున్నారు. గుడ్ నైట్ కూడా చెప్పలేదు. ఎవరైనా ఈ క్యాలెండర్ సరిచేసే దారి చెప్పండి, పుణ్యం ఉంటుంది.

మిర్చిబజ్జి · శనివారం, రాత్రి 10:40

కామెడీ సీరియల్‌కి పంచాంగం చూస్తారా ఎవరైనా 😂 మాస్టారు గారికి నా నమస్కారాలు చెప్పండి, కానీ ఆయన రిమోట్ లాక్కోండి.

కోనసీమ కొబ్బరి · శనివారం, రాత్రి 11:05

లాక్కోవద్దండీ, ఇంకా ఉంది. క్రిస్మస్‌లు లెక్కపెట్టమనండి.

ఆ యుద్ధంలో వచ్చిన క్రిస్మస్‌లు మూడే: 1950, 51, 52. పాటర్ 1952 సెప్టెంబర్‌లో వచ్చాడు కాబట్టి ఆయనకి దక్కేది ఒకటే. డాక్టర్ బీజే హనికట్ కూడా అంతే, ఆయన పాటర్ కంటే ఒక్క ఎపిసోడ్ ముందు వచ్చాడు. ఇక డాక్టర్ వించెస్టర్ ఆరో సీజన్లో దిగాడు. కానీ ఈ ముగ్గురూ కలిసి క్రిస్మస్ చేసుకున్న ఎపిసోడ్లు నాకు గుర్తున్నవే మూడు. ఏడో సీజన్లో ఫాదర్ మల్కాహీ చెల్లెలికి ఉత్తరం రాసేది. తొమ్మిదో సీజన్లో, ఒక సైనికుడు పండగ రోజు చనిపోయాడని వాళ్ళ పిల్లలకి జ్ఞాపకం ఉండకూడదని డాక్టర్లు ఆపసోపాలు పడేది. పదో సీజన్లో పండగ మర్నాడు ఆఫీసర్లూ సిపాయిలూ పనులు మార్చుకునేది.

మూడూ 1952 క్రిస్మస్‌కే జరగాలి. కావాలంటే పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి.

ఎడిసన్ అల్లుడు · ఆదివారం, ఉదయం 8:20

ఇది కాఫీ తాగుతుండగా చదివి వినిపించాను. తప్పయిపోయింది. నోట్‌బుక్ మళ్ళీ తెరిచారు.

రాత్రి డ్యూటీ · ఆదివారం, ఉదయం 9:02

నేను విజయవాడలో ఓటీ స్టాఫ్ నర్సుని. మాష్ రెండుసార్లు పూర్తిగా చూశాను. తేదీల సంగతి నాకు పట్టలేదు గానీ వేరే విషయం చెప్తాను.

చాలామంది తప్పు అనుకునేది ఒకటి తప్పు కాదు. ఆసుపత్రి గుమాస్తా రేడార్ పాత్ర వేసిన గ్యారీ బర్గాఫ్ ఎడమచెయ్యి ఎప్పుడూ ఏదో ఒక దాని వెనక ఉంటుంది. అట్ట, ఫైలు, ఎలుగుబంటి బొమ్మ. ఒక షాట్‌లో అట్ట ఉంటుంది, తర్వాతి షాట్‌లో చెయ్యి జేబులో ఉంటుంది. ఆయనకి పుట్టుకతో ఆ చేతి వేళ్ళు మూడు చిన్నవి. అది కనపడకుండా సర్దుకుంటూ ఏడు సీజన్లకి పైగా నటించాడు. అది తెలిశాక నాకు ఆ అట్ట మీద గౌరవం పెరిగింది.

ఇంకోటి, నవ్వుల శబ్దం. ప్రేక్షకులు లేని చోట షూటింగ్ చేసి, వెనకాల డబ్బా నవ్వులు పెట్టడం సీబీఎస్ పట్టుదల. తీసినవాళ్ళకి అది అస్సలు ఇష్టం లేదు. బేరమాడి చివరికి ఆపరేషన్ గదిలో మాత్రం నవ్వులు ఉండకూడదని ఒప్పించుకున్నారు. బ్రిటన్లో బీబీసీ ఆ నవ్వులు పూర్తిగా తీసేసి వేసింది. డీవీడీలో కూడా ఆపుకోవచ్చు. నేను ఆపేసే చూస్తాను. కాకపోతే ఒక చిక్కు: నవ్వు కోసం నటులు ఆగిన ఆ ఒక్క క్షణం అలాగే ఉండిపోతుంది. జోకు వేసి, ఎవరూ నవ్వకపోతే నిలబడిపోయినట్టు ఉంటారు. మా ఓటీలో అనస్తీషియా డాక్టర్ గారి జోకులు అచ్చం ఇలాగే ఉంటాయి.

మిర్చిబజ్జి · ఆదివారం, ఉదయం 9:15

ఆ డాక్టర్ గారు ఈ ఫోరంలో లేరు కదా మేడమ్?

రాత్రి డ్యూటీ · ఆదివారం, ఉదయం 9:17

ఉన్నా నాకేం భయం లేదు. ఆయనకి కూడా తెలుసు.

క్లాప్‌బోర్డ్ · ఆదివారం, మధ్యాహ్నం 1:30

హైదరాబాద్‌లో టీవీ సీరియళ్ళకి అసిస్టెంట్ డైరెక్టర్‌గా తొమ్మిదేళ్ళు పనిచేశాను. కంటిన్యుటీ నా నెత్తిమీదే ఉండేది. బయటినుంచి చూసేవాళ్ళకి "ఇంత చిన్న విషయం చూసుకోలేదా" అనిపిస్తుంది. ఎలా జరుగుతుందో చెప్తాను.

కథ నడిచే వరుసలో షూటింగ్ నడవదు. ఇల్లు అద్దెకి దొరికిన నాలుగు రోజుల్లో ఆ ఇంట్లో జరిగే సీన్లన్నీ లాగించేయాలి. అత్త పాత్ర వేసే ఆవిడ కాల్షీట్ రెండు రోజులే ఉంటే, ఇరవై ఎపిసోడ్లలో ఆవిడ ఉన్న సీన్లన్నీ ఆ రెండు రోజుల్లోనే. మాకొకసారి అత్తగారు మెట్ల మీంచి పడి చెయ్యి విరుగుతుంది. కట్టు కట్టాం. ఇంటి సీన్లు తీశాం. పన్నెండు రోజుల తర్వాత గుడి సీన్. ఫొటోలు ఉన్న ఫోను ఆ రోజు రిపేరుకి ఇచ్చాను. మేకప్ మ్యాన్ "కుడి" అన్నాడు, కాస్ట్యూమర్ "ఎడమ" అన్నాడు, ఆర్టిస్టుని అడిగితే "హారతి కుడిచేత్తో తీసుకోవాలి కదమ్మా, ఎడమకి కట్టెయ్" అంది. కట్టేశాం. ఎడిటింగ్‌లో చూస్తే ఇంట్లో కుడిచెయ్యి. డైరెక్టర్ గారు నన్ను ఏమన్నారో ఇక్కడ రాయలేను. చివరికి రైటర్ ఒక డైలాగు కలిపాడు. పక్కింటావిడ వచ్చి "ఇంకో చెయ్యి కూడానా వదినా!" అంటుంది. డబ్బింగ్‌లో అతికించాం. ఆ డైలాగుకి ఊళ్ళో జనం తెగ నవ్వుకున్నారట.

కాబట్టి నా మాట ఏంటంటే, కట్టు, గ్లాసు, బొత్తాం లాంటివి సెట్ మీద జరిగే పొరపాట్లు. వాటికి నాలాంటి వాడిని తిట్టొచ్చు. పాటర్ గారి తేదీ అలాంటిది కాదు. అది రైటర్ల గదిలో పుట్టింది. 1975లో ఆ తేదీ రాసినవాళ్ళకి ఈ సీరియల్ ఇంకో ఎనిమిదేళ్ళు నడుస్తుందని ఎలా తెలుస్తుంది? అప్పటికే మూడేళ్ళు అయింది కాబట్టి, ఇంకేముంది, ఒకటో రెండో సీజన్లు అనుకుని ఉంటారు. రైటర్లూ మారిపోయారు. మొదట్నుంచీ నడిపించిన లారీ గెల్‌బార్ట్ నాలుగో సీజన్ తర్వాత వెళ్ళిపోయాడు. తర్వాత వచ్చినవాళ్ళు పాత ఎపిసోడ్లు తిరగేసి చూడాలంటే ఇప్పటిలా ఫోన్లో నొక్కితే వచ్చేవి కాదు.

తెల్లకాగితం · ఆదివారం, మధ్యాహ్నం 2:10

క్లాప్‌బోర్డ్ అన్నా, సగం ఒప్పుకుంటాను. తేదీ సరే. మరి సొంత హీరో ఇంట్లో ఎంతమంది ఉన్నారో కూడా తెలీదా?

మొదటి సీజన్లో హాకై నాన్నకి ఉత్తరం రాస్తూ అమ్మనీ చెల్లెల్నీ అడిగానని చెప్పమంటాడు. తర్వాత సీజన్లలో ఆయన ఏకైక సంతానం, తల్లి చిన్నప్పుడే పోయింది. ఊరు కూడా అంతే. మొదట్లో వెర్మాంట్ అంటాడు, తర్వాత మెయిన్ రాష్ట్రంలోని క్రాబాపిల్ కోవ్‌కి స్థిరపడ్డాడు. రెండు రాష్ట్రాల మధ్య న్యూహాంప్‌షైర్ మొత్తం ఉంది!

సైకియాట్రిస్ట్ ఫ్రీడ్‌మన్ మొదటిసారి వచ్చినప్పుడు పేరు మిల్టన్, తర్వాతంతా సిడ్నీ. ఫాదర్ మల్కాహీ మొదట్లో జాన్ పాట్రిక్, తర్వాత ఫ్రాన్సిస్. పాటర్ గారి గుర్రాన్ని బహుమతిగా ఇచ్చిన రోజు అందరూ దాన్ని మగగుర్రంలాగే పిలుస్తారు, తర్వాత అది సోఫీ. ఆడగుర్రం.

మిర్చిబజ్జి · ఆదివారం, మధ్యాహ్నం 2:22

గుర్రం సంగతి నాకు చాలా నచ్చింది. అంతమంది డాక్టర్లున్న ఆసుపత్రి.

కోనసీమ కొబ్బరి · ఆదివారం, మధ్యాహ్నం 2:31

😂😂😂 థ్రెడ్ ఇక్కడితో ఆపేయొచ్చు.

డల్లాస్ చిన్నోడు · ఆదివారం, మధ్యాహ్నం 3:00

నటుల సంగతి ఎవరూ ఎత్తలేదేం? పాటర్‌గా వేసిన హ్యారీ మోర్గన్ అంతకు ముందు సీజన్లోనే, మూడో సీజన్ మొదటి ఎపిసోడ్‌లో, మతి చలించిన జనరల్ స్టీల్‌గా వచ్చి అదే ఆసుపత్రిని తిరగేసి వెళ్ళాడు. ఏడాది తిరక్కుండా అదే మొహంతో కల్నల్‌గా దిగితే హాకైకి ఎక్కడో చూసినట్టు అనిపించదా! ఎడ్వర్డ్ వింటర్ కూడా అంతే. ముందు కెప్టెన్ హాలరన్‌గా వచ్చి పేకాట ఆడి వెళ్ళాడు, తర్వాత కల్నల్ ఫ్లాగ్ అయ్యాడు. మత్తు డాక్టర్ అగ్లీ జాన్‌గా వేసిన జాన్ ఆర్చర్డ్ మాయమైపోయి, ఎనిమిదో సీజన్లో మిలిటరీ పోలీసుగా తేలాడు.

మాయమైనవాళ్ళ లిస్టులో మొదటివాడు డాక్టర్ జోన్స్. మొదటి సీజన్లో అదే గుడారంలో పడుకునేవాడు. ఒకరోజు నుంచి లేడు. ఎక్కడికి పోయాడని ఒక్కరు కూడా అడగలేదు.

క్లాప్‌బోర్డ్ · ఆదివారం, సాయంత్రం 4:15

మనవాళ్ళకి ఇది కొత్తేం కాదు. అమృతంలో అమృతరావు పాత్ర శివాజీ రాజా, నరేష్, హర్షవర్ధన్ ముగ్గురూ చేశారు. పక్కన ఆంజనేయులుగా గుండు హనుమంతరావు గారు కదలకుండా ఉన్నారు కాబట్టి మనం అడ్జస్ట్ అయిపోయాం. ఒకే పాత్రకి ముగ్గురు మనుషులు మన పద్ధతి, ఒకే మనిషికి మూడు పాత్రలు వాళ్ళ పద్ధతి.

తెల్లకాగితం · ఆదివారం, సాయంత్రం 4:40

అసలైన కామెడీ తప్పు ఇంకా ఎవరూ చెప్పలేదు. నాలుగో సీజన్ చివర్లో, డెర్ టాగ్ అనే ఎపిసోడ్‌లో, రేడార్ కామిక్ పుస్తకం పక్కన పెట్టుకుని నిద్రపోతుంటాడు. ఆపి చూడండి. అవెంజర్స్! ఆ పుస్తకం మొదటి సంచిక అచ్చయిందే 1963లో. పైగా రేడార్ దగ్గరున్నది 72వ సంచిక. ఏదో ఒక కామిక్ తీసుకురమ్మంటే ప్రాప్స్ కుర్రాడు తన సొంత పుస్తకం తెచ్చేశాడేమో అని నా అనుమానం.

క్లాప్‌బోర్డ్ · ఆదివారం, సాయంత్రం 4:48

నూటికి నూరు అదే అయ్యుంటుంది. "ఎవరు చూస్తార్లే" అనే మాట ప్రతి సెట్లోనూ రోజుకి పదిసార్లు వినపడుతుంది. ఇంట్లో టీవీని ఆపి చూసే రోజు వస్తుందని 1976లో ఎవరనుకున్నారు.

డల్లాస్ చిన్నోడు · ఆదివారం, సాయంత్రం 5:30

ఇక కొరియా చలి. బయటి సీన్లన్నీ తీసింది లాస్ ఏంజెలెస్ పక్కన మాలిబూ కొండల్లో, ఫాక్స్ వాళ్ళ స్థలంలో. ఇప్పుడది మాలిబూ క్రీక్ స్టేట్ పార్క్. నేను వెళ్ళొచ్చాను. తుప్పుపట్టిన జీపు, అంబులెన్సు అక్కడే ఉన్నాయి, పక్కన దిశల బోర్డు. కొండలు చూడగానే గుర్తుపడతాం. గోధుమరంగు ఎండుగడ్డి, కాలిఫోర్నియా ఓక్ చెట్లు. కథ జరిగేది సియోల్‌కి ఉత్తరాన ఉయిజాంగ్బు దగ్గర. జనవరిలో నీళ్ళు గడ్డకట్టే చోటు. నటులు మాత్రం మండుటెండలో బొచ్చు కోట్లు వేసుకుని చేతులు రుద్దుకుంటుంటారు. ఒక చలి ఎపిసోడ్ మళ్ళీ చూడండి, అంత చలిలో నోట్లోంచి ఆవిరి రాదు. నేను వెళ్ళింది మే నెలలో, టీషర్టులోనే తడిసిపోయాను.

రాత్రి సీన్లు చాలావరకు ఊళ్ళోనే, ఫాక్స్ స్టూడియో తొమ్మిదో నంబర్ ఫ్లోర్‌లో తీసేవారు. వెనకాల కొండలు తెర మీద పెయింటింగ్. అలవాటయ్యాక మాటల శబ్దాన్ని బట్టే చెప్పేయొచ్చు, ఇది నిజం ఆరుబయలా, నాలుగు గోడల మధ్యా అని.

కొత్తగా చేరిన సుబ్బులు · ఆదివారం, సాయంత్రం 6:02

అందరికీ నమస్కారం. నేను ఇప్పుడే రెండో సీజన్లో ఉన్నాను. దయచేసి ఎవరు పోతారో చెప్పకండి.

మిర్చిబజ్జి · ఆదివారం, సాయంత్రం 6:05

సుబ్బులు గారూ, ఆ ఎపిసోడ్ వచ్చింది 1975 మార్చిలో. ఇప్పుడు స్పాయిలరా! 😭

నిర్వాహకుడు · ఆదివారం, సాయంత్రం 6:20

సుబ్బులు గారూ, కింద రాబోయే పోస్టులు చదవకండి. మూడో సీజన్ అయ్యాక రండి. మిర్చిబజ్జి గారూ, కొత్తవాళ్ళతో కాస్త మెల్లగా.

రాత్రి డ్యూటీ · ఆదివారం, రాత్రి 8:45

సుబ్బులు గారు వెళ్ళిపోయారనుకుని చెప్తున్నాను. నాకు అన్నిటికంటే ఇష్టమైన పొరపాటు ఇది.

హెన్రీ బ్లేక్ ఇంటికి బయల్దేరతాడు. అందరూ సాగనంపుతారు. చివర్లో ఆపరేషన్ గది. డాక్టర్లందరూ పనిలో ఉంటారు. రేడార్ మాస్క్ లేకుండా లోపలికొస్తాడు, మాస్క్ పెట్టుకో అని డాక్టర్ ట్రాపర్ కసురుతాడు. రేడార్ టెలిగ్రామ్ చదువుతాడు. హెన్రీ విమానాన్ని జపాన్ సముద్రం మీద కూల్చేశారు, ఎవరూ బతకలేదు. అంతే.

ఆ చివరి పేజీ స్క్రిప్టులో లేదు. మిగతాదంతా తీసేశాక నటులకి అప్పటికప్పుడు ఇచ్చారు. తీశారు. ఏదో సాంకేతిక లోపం వచ్చి మళ్ళీ తీయాల్సొచ్చింది. అంత ఏడుపు రెండోసారి! ఆ రెండో టేక్‌లో రేడార్ చదవడం అయ్యాక, ఎవరూ మాట్లాడని ఆ నిశ్శబ్దంలో, ఎవరి చేతిలోంచో ఒక పరికరం జారి ఠంగుమని కింద పడింది. అనుకుని చేసింది కాదు. దాన్నే ఉంచేశారు.

ఓటీలో పనిచేసేవాళ్ళకి ఆ చప్పుడు తెలుసు. స్టీలు పరికరం నేలమీద పడితే మామూలు రోజుల్లో అయితే "ఎవరది?" అని అరుపు వినపడుతుంది. ఆ సీన్లో ఎవరూ తలతిప్పరు. చేతులు ఆగవు. మాకు ఒక కోవిడ్ రాత్రి సరిగ్గా అలాగే అయింది. మా సిస్టర్ ఒకావిడ పోయిందని ఫోనొచ్చింది. ట్రే చప్పుడైంది. డాక్టర్ గారు తలెత్తకుండా చెయ్యి చాపారు, నేను ఇంకో ఫోర్సెప్స్ అందించాను.

ఎడిసన్ అల్లుడు · ఆదివారం, రాత్రి 9:10

మేడమ్, ఇది చదివి వినిపించలేకపోయాను. ఫోన్ ఆయన చేతికే ఇచ్చాను.

పారాచ్యూట్ తాతయ్య మనవడు · సోమవారం, ఉదయం 7:40

కొరియా అంటే అమెరికా వాళ్ళే అనుకుంటాం. మన సైన్యం పంపింది కూడా డాక్టర్లనే. 60వ పారాచ్యూట్ ఫీల్డ్ అంబులెన్స్, లెఫ్టినెంట్ కల్నల్ ఏ.జి. రంగరాజ్ నాయకత్వంలో 1950 నవంబర్‌లో దిగింది. 1951 మార్చిలో మున్సాన్ దగ్గర అమెరికా సైనికులతో పాటు మన డాక్టర్లు కూడా పారాచ్యూట్లలో దూకారు. రంగరాజ్ గారికి మహావీర చక్ర వచ్చింది. మాష్ లాంటి ఆసుపత్రులు పనిచేసిన యుద్ధంలోనే వీళ్ళూ ఉన్నారు. మాష్‌లో ఒక్క ఇండియన్ డాక్టర్ కనపడితే నేను మిగతా తప్పులన్నీ మాఫీ చేసేవాణ్ణి.

తెల్లకాగితం · సోమవారం, ఉదయం 8:15

ఇది నాకు తెలీదు. థాంక్స్ తమ్ముడూ.

డల్లాస్ చిన్నోడు · సోమవారం, ఉదయం 9:00

పొరపాట్లు కథలో కలిసిపోవడం గురించి రాత్రి డ్యూటీ గారు చెప్పారు కాబట్టి ఇంకోటి. 1982 అక్టోబర్‌లో మాలిబూ కొండల్లో కార్చిచ్చు లేచి బయటి సెట్ చాలావరకు కాలిపోయింది. అప్పుడు తీస్తున్నది చివరి ఎపిసోడ్. ఏం చేశారు? నిప్పు బాంబులు పడి అడవి తగలబడిందని కథలో రాసేసి, ఆసుపత్రిని అక్కణ్ణుంచి తరలించేశారు. రెండున్నర గంటల ఆ ఎపిసోడ్ 1983 ఫిబ్రవరి 28న వచ్చినప్పుడు చూసినవాళ్ళు పది కోట్ల పైమాటే. తమాషా ఏంటంటే అందరూ చివరగా నటించింది అందులో కాదు. దానికి ముందు ప్రసారమైన, జ్ఞాపకాలు పెట్టెలో పెట్టి పాతిపెట్టే ఎపిసోడ్‌ని ఆఖరున తీశారు. క్లాప్‌బోర్డ్ గారు చెప్పినట్టే, వరుసలో ఏదీ నడవదు.

కోనసీమ కొబ్బరి · సోమవారం, మధ్యాహ్నం 12:25

క్యాలెండర్‌కి నా దగ్గర ఒక మందుంది. మాస్టారు గారికి చూపించండి.

1952 సెప్టెంబర్ 19 ఒక్కటే తప్పు అనుకుందాం. దాన్ని 1950 సెప్టెంబర్ 19 చేయండి. రేడార్ టైపు తప్పు కొట్టాడు, అంతే. ఇప్పుడు చూడండి. 1950 డిసెంబర్ 31న పాటర్ ఉండొచ్చు. కొత్తవాళ్ళకి క్రిస్మస్‌లు మూడు కావాలి కదా, 50, 51, 52 మూడూ దొరికాయి. బ్లేక్ గారి హయాంలో జనరల్ మెకార్థర్ వచ్చి వెళ్ళే ఎపిసోడ్ ఉంది, అధ్యక్షుడు ట్రూమన్ ఆయన్ని తీసేసింది 1951 ఏప్రిల్ 11న, కాబట్టి అదీ సరిపోతుంది. తొమ్మిదో సీజన్ ఎపిసోడ్‌లో క్లింగర్ మాట విని వించెస్టర్ డాడ్జర్స్ మీద పందెం కాసి మునిగిపోయేది 1951 బేస్‌బాల్ సీజన్, అదీ ఓకే. కుర్చీలో ఒక్కరే.

మిర్చిబజ్జి · సోమవారం, మధ్యాహ్నం 12:31

నేను నోరు మూసుకుంటున్నాను. ఇది నిజంగా పనిచేస్తోంది.

తెల్లకాగితం · సోమవారం, మధ్యాహ్నం 12:50

పనిచేయదు. డాక్టర్ ఫ్రాంక్ బర్న్స్ పాటర్ కింద రెండు సీజన్లు ఉన్నాడు. మీ లెక్కలో సెప్టెంబర్ 19కీ డిసెంబర్ 31కీ మధ్యే ఆయన రెండు సీజన్లు, హెడ్ నర్సు మార్గరెట్ నిశ్చితార్థం, పెళ్ళి, వించెస్టర్ రాక అన్నీ అయిపోవాలి.

కోనసీమ కొబ్బరి · సోమవారం, మధ్యాహ్నం 12:58

మూడు నెలల్లో నిశ్చితార్థం, పెళ్ళి మన దగ్గర అవ్వవా అండీ? మా అక్కది ఇరవై రెండు రోజుల్లో అయింది.

ఎడిసన్ అల్లుడు · సోమవారం, రాత్రి 9:30

చూపించాను. మావగారు అరగంట కుర్చీలోంచి లేవలేదు. కొత్త పేజీ, కొత్త గీత, మొదట్నుంచీ మళ్ళీ వేసుకొచ్చారు. ఫ్రాంక్ బర్న్స్ దగ్గర కాస్త ఆగి, "ఇరుకే గానీ పడుతుందోయ్" అన్నారు. నాకు ప్రాణం లేచొచ్చింది. తర్వాత పేజీలు వెనక్కి తిప్పుకుంటూ మొదటి సీజన్‌కి వెళ్ళారు. హాకై నాన్నకి ఉత్తరం రాసే ఎపిసోడ్. అదే, చెల్లెలున్న ఉత్తరం. దాని పక్కన ఆయన ఎర్ర ఇంకుతో ముందే రాసి పెట్టుకున్నారు: "క్రిస్మస్. కమాండర్ బ్లేక్."

కొబ్బరి గారూ, మీ లెక్కలో బ్లేక్ సెప్టెంబర్‌కే వెళ్ళిపోయాడు. యుద్ధం జూన్‌లో మొదలైంది. జూన్‌కీ సెప్టెంబర్‌కీ మధ్య క్రిస్మస్ ఎక్కణ్ణుంచి తెమ్మంటారని అడుగుతున్నారు.

కోనసీమ కొబ్బరి · సోమవారం, రాత్రి 9:44

...

కోనసీమ కొబ్బరి · సోమవారం, రాత్రి 9:52

మాస్టారు గారికి పాదాభివందనం. ఓడిపోయాను.

క్లాప్‌బోర్డ్ · సోమవారం, రాత్రి 10:05

ఇలాంటి మనిషి ఒక్కరు మా సెట్లో ఉంటే నేను ఆ తిట్లు తినేవాణ్ణి కాదు.

డల్లాస్ చిన్నోడు · సోమవారం, రాత్రి 10:20

ఆయనకి తర్వాత హోగన్స్ హీరోస్ పెట్టండి. రెండో ప్రపంచయుద్ధం, జర్మనీలో ఖైదీల శిబిరం, 1965 నుంచి 71 దాకా. ఆరు సీజన్లు, 168 ఎపిసోడ్లు. అక్కడ క్యాలెండర్ గొడవే లేదు, ఎందుకంటే దాదాపు ఎప్పుడూ చలికాలమే! ఇళ్ళ కప్పుల మీద మంచు అలా ఉండిపోతుంది. తీసింది మాత్రం కాలిఫోర్నియాలో, కల్వర్ సిటీ దగ్గర. ఆఖరి సీజన్లో రేడియో చూసే కించ్‌లో అనే అతను మాయమై ఆ స్థానంలో ఇంకొకతను వస్తాడు, ఒక్క ముక్క సంజాయిషీ లేదు.

ఎడిసన్ అల్లుడు · గురువారం, రాత్రి 10:48

మాష్ నిన్నటితో అయిపోయింది. చివర్లో హెలికాప్టర్‌లోంచి కింద రాళ్ళతో పేర్చిన వీడ్కోలు అక్షరాలు కనపడ్డాక మావగారు చాలాసేపు మాట్లాడలేదు. నేనూ తేదీ అడగలేదు.

ఇవాళ హోగన్స్ హీరోస్ మొదలెట్టాం. మొదటి ఎపిసోడ్ నలుపు తెలుపు. రెండోది రంగుల్లో వచ్చింది. మావగారు కళ్ళజోడు తుడుచుకుని, కొత్త నోట్‌బుక్ తీసి, గీత గీసి, "యుద్ధం మధ్యలో రంగులెవరు వేశారోయ్" అంటూ రాసుకుంటున్నారు.